పెత్రమాస బీడీ

బీడీ కట్ట కొన్నది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను దెప్పకూడదు.

మా ఆయన సైదులు ఇళ్లకు రంగులు వేస్తాడు. ముప్పై ఏళ్లుగా రోజుకు రెండు కట్టలు కాల్చాడు. ఈ వానల మొదట్లో, మేం అద్దెకుండే కామాటిపుర చాల్‌లో, ఆ ఇరుకు గదుల బిల్డింగులో, మూడో అంతస్తుకు నీళ్ల క్యాను మోస్తూ మెట్ల మీదే కూలబడ్డాడు. నాగ్‌పాడాలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, పాడైన ఊపిరితిత్తి తిరిగి రాదు, మానేస్తే మిగిలింది దక్కుతుంది అంది. ఆ రోజు నుంచి చొక్కా జేబులో బీడీల బదులు లవంగాలు. మొదటి వారం ఇంట్లో గిన్నెలన్నీ నేలకేసి కొట్టాడు, మహానుభావుడు! రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గింది. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. పైగా కూరలో ఉప్పెక్కువైందని వంకలు పెడుతున్నాడు. ఇన్నేళ్లూ ఏం పెట్టినా రుచి తెలియకుండా తిన్న మనిషి! పైకి తిట్టాను గానీ, ఆ వంక వింటే నాకు ఎంత సంతోషమో.

ఇంతలో పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టే రోజు. మా మామ బుచ్చయ్యకు బీడీ అంటే ప్రాణం. కొడుకు ముట్టించి, ఒక దమ్ము లాగి, ఆ బీడీని విస్తరి పక్కన పెట్టాలి. ఏటా అదే పద్ధతి. అలవాటు కొద్దీ కట్ట కొనుక్కొచ్చాను. డాబా మీద విస్తరి వేశాక, సైదులు కట్ట విప్పి ఒక బీడీ తీసి, అగ్గిపెట్టె అందుకున్నాడు.

"ఉండనీ, ముట్టియ్యకు," అన్నాను.

"నాయినకు పెట్టకుంటే ఎట్లనే పెంటీ? ఒక్క దమ్మే గదా."

"ఆ ఒక్క దమ్ముతోనే మళ్లా షురూ అయితది. నువ్వు గూడ మామ లెక్క పోతే నేనెవరికి వండాలె?" ఏడుపు ఆపుకోలేకపోయాను.

అతను బీడీని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చివరి రోజుల్లో మామ పడుకుంటే ఊపిరందేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. వెనక దిండు సర్దింది మేమిద్దరమే.

బీడీని కట్టలో దోపి నా ఒళ్లో పడేశాడు. జేబులోంచి నాలుగు లవంగాలు తీసి, విస్తట్లో బువ్వ పక్కన పెట్టాడు.

"నాయినా, నువ్వు గూడ బంద్ జెయ్యి. మొదలు ఎనిమిది దినాలే తక్లీఫ్. ఇగో, బీడీ యాదికొచ్చినప్పుడల్లా ఒకటి నములు."