పెట్టెకి చేసిన మర్యాద

పిచ్చుకకి దగ్గు ఎందుకొస్తోందో తెలిస్తే చాలు, వాళ్ళమ్మకి ఇంకేమీ అక్కర్లేదు. పిచ్చుకంటే ఇప్పుడిప్పుడే తప్పటడుగులేస్తున్న పిల్ల; ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. కొత్త ఫ్లాటులోకి వచ్చాకే పట్టుకుంది ఈ దగ్గు. డాక్టరు గొట్టం పెట్టి చూసి, "ఛాతీలో ఏమీ లేదు, ఇంట్లో గాలి ఎలా ఉందో చూసుకోండి" అన్నాడు. గాలిని చూడమంటే ఎక్కడని చూస్తుంది?

అందుకే, ఒకమ్మాయి తెల్లటి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే పూర్తిగా వినకుండానే లోపలికి రమ్మంది. ఇళ్ళు కట్టడానికి ప్రభుత్వం పెట్టిన కొత్త నిబంధనల వల్ల ఇళ్ళలో గాలి బాగుపడిందా, పాడయిందా అని పరిశోధన చేస్తోంది ఆ అమ్మాయి. అప్పటికే ఫ్లాట్లవాళ్ళందరూ ఆమెకి గాలి మేడమ్ అని పేరు పెట్టేశారు.

"కిటికీలు బిగుతుగా ఉండాలన్నారు కదండీ, మరి లోపలి గాలి పోవాలిగా. అందుకని గోడకి పైన సన్నటి కంత పెట్టమన్నారు. అది పనిచేస్తోందో లేదో ఈ పెట్టె చెబుతుంది" అని, పెట్టెని పడగ్గది అరలో పెట్టి వెళ్ళింది గాలి మేడమ్.

ఆమె అటు వెళ్ళిందో లేదో పిచ్చుక తల్లికి గుబులు మొదలైంది. తన ఇల్లాలితనం ఎలాంటిదో కూడా చెప్పేస్తుందేమో ఆ పెట్టె! కుర్చీ ఎక్కి, కంతలో కుక్కిన పాత దిండుగలీబు లాగేసింది. ఆ కంతలోంచి గాలి సరిగ్గా ఉయ్యాలమంచం మీద పడుతోందని, ఇంట్లో దిగిన రోజునే అత్తగారు కుక్కించిన గుడ్డ అది. తర్వాత కిటికీలన్నీ బార్లా తెరిచింది. వంట బాల్కనీలోకి మార్చింది. పెట్టె మీద దుమ్ము కూడా తుడిచింది.

"అల్లుడొచ్చినా ఇంత హడావిడి చెయ్యరే" అంది అత్తగారు. "దానికి మంచినీళ్ళు కూడా ఇవ్వకపోయావా?"

వారం తిరిగాక గాలి మేడమ్ వచ్చి లెక్కలు చూసింది. "మీ ఇంట్లో గాలి చాలా బాగుందండీ."

మెచ్చుకున్నందుకు మురిసిపోవాల్సింది పోయి పిచ్చుక తల్లి పిల్లని దగ్గరికి లాక్కుంది. ఇంట్లో ఏమీ లేదంటే, జబ్బు పిల్లలోనే ఉన్నట్టా?

అత్తగారి నోరు ఊరుకోలేదు. "బాగుండక ఏం చేస్తుందమ్మా? మా కోడలు నీ పెట్టెకి చుట్టమర్యాదలు చేసింది. ఆ గుడ్డ తీసిందా, పొయ్యి బయట పెట్టిందా... అన్నట్టు, ఈ వారం పిల్ల పెద్దగా దగ్గలేదు కదే?"

పిచ్చుక తల్లి తలెత్తింది. పెట్టె గొడవలో పడి ఆ సంగతే గమనించలేదు.

"ఏ గుడ్డండీ?" అంది గాలి మేడమ్.

దిండుగలీబు చూసి ఆమె నవ్వాపుకోలేకపోయింది. "ఇంకో వారం పెడదాం. ఈసారి ఎప్పుడూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. పిల్లని మాత్రం హాల్లో పడుకోబెట్టండి."

ఈసారి పెట్టెని ఎవరూ పట్టించుకోలేదు. గుడ్డ మళ్ళీ కంతలోకి వెళ్ళింది, పొయ్యి లోపలికి వచ్చింది, కిటికీలు మూసుకున్నాయి. తలుపేసుకుని పడుకున్నాక గదిలో గాలి ఎంత బరువెక్కుతోందో లెక్కల్లో తేలింది. హాల్లో పిచ్చుక హాయిగా నిద్రపోయింది.

గాలి మేడమ్ మిగతా ఫ్లాట్లు కూడా తిరిగి చూసింది. ఒక చోట గోనెపట్టా, ఒక చోట పాత మేజోళ్ళు. పిల్లలున్న ఏ ఇంట్లోనూ కంత ఖాళీగా లేదు.

"కంత ఉండాలని రాశారు గానీ, దాని కింద ఎవరు పడుకుంటారో ఆలోచించలేదు. నా పరిశోధనలో ఇదే ముందు రాస్తాను" అంది గాలి మేడమ్.

"అంతవరకూ పిల్ల ఆగదుగా" అంది అత్తగారు. ఆదివారం కొడుకు చేత బీరువా జరిపించింది. నడుం పట్టుకుని అతను సణుగుతూనే ఉన్నాడు. ఉయ్యాలమంచం కంత గాలి తగలని అవతలి గోడకి చేరింది. దిండుగలీబు ఉతికించుకుని మళ్ళీ దిండెక్కింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పిచ్చుక తల్లి బట్టలు మడతపెడుతూ ఉలిక్కిపడి లేచింది. గదిలోంచి చప్పుడే లేదు. పరుగున వెళ్ళి వంగి చూసింది. పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది, పొట్ట మెల్లగా పైకీ కిందికీ ఆడుతోంది.

"ఏమైందే?" అంది అత్తగారు హాల్లోంచి.

"దగ్గడం లేదు అత్తయ్యా."

"దగ్గితే భయం, దగ్గకపోతే భయం. ఇంక నీకు కూడా ఓ పెట్టె పెట్టాలి."

పిచ్చుక తల్లి నవ్వుకుంటూ, తలుపు ఓరగా వేసి మడతల దగ్గరికి వెళ్ళింది.