గేటు కాడ ఆగిన బండి

మగ్గం గుంతల నడుము దాక దిగి బతికే కంటె రైల్వే నౌకరే మేలని దశరథం కొత్తకోట ఇడిసిపెట్టి వచ్చిండు. వచ్చినంక తెలిసింది, గుంత మారింది గాని దిగుడు మారలేదని. దేవరకద్ర అవతల, గుట్టల నడుమ ఒక గేటు, ఒక రేకుల అర్ర. ఊరు కోసెడు దూరం. గేటు ఇడిసి పోతె నౌకరి పోతది. సొంత మామ సచ్చినప్పుడు గూడ పెండ్లాం రాజమణిని ఒక్కదాన్నే పంపి, తాను బండ్లకు పచ్చ జెండా చూపుకుంట నిలబడ్డడు.

పొద్దటి బండి డ్రైవర్ పోతపోత ఇంజన్ల నుంచి రెండు బొగ్గు పెళ్లలు ఇసిరేటోడు. రాజమణి ఏరుకొచ్చి వంట చేసేది. దశరథం ఏనాడూ వంగి ముట్టలేదు.

"కుక్కకు ఏసినట్టు ఏస్తడు" అనేటోడు.

"నీ నోట్లె గూడ ఒకటి ఏస్తె పీడ పోతది" అనేది రాజమణి.

కాన్పు కాంగనే జెండాలు రైల్వేటోళ్ల మొకాన కొట్టి పోతనని ఆమెకు రోజూ చెప్తుండె.

ఇంక నెలుండంగనే నొప్పులు మొదలైనయి. ఊర్లకెల్లి మంత్రసాని ఈదమ్మ వచ్చింది. తెల్లారేదాక చూసి, చేతులు తుడుసుకుంట బయటికొచ్చింది.

"పిల్ల అడ్డం తిరిగింది కొడుకా. నా చేత కాదు. పాలమూరు దవాఖానకు తీస్కపో."

"ఎడ్లబండి మీద పోతె పొద్దుగూకుతది గద అవ్వా."

"గందాక ఆగదు."

"మరెట్ల?"

"నన్నడుగుతవేంది? బండ్లకు జెండాలు చూపేటోనివి నువ్వు."

ఎత్తిపొడుపుకే అన్నది ముసల్ది. కాని గా మాట దశరథాన్ని పట్టుకున్నది. పట్టా ఇరిగితె ఎర్ర జెండా చూపాలె. పెండ్లాం నొప్పులకు చూపమని ఎవడూ చెప్పలే. చూపితె నౌకరి పోతది, పుట్టేటోళ్లకు తిండి పోతది. పొద్దున లేస్తె తిట్టుకునే నౌకరి, పోతదంటె ఎర్ర జెండా మీదికి చెయ్యి పోలె. గుట్ట మలుపు కాడ, పాలమూరు పోయే పొద్దటి బండి పొగ లేసింది. లోపల రాజమణి మూలుగుడు ఆగిపోయింది.

ఎర్ర జెండా తీస్కొని పట్టాల నడుమ ఎదురుకు ఉరికిండు.

బండి కీచుమనుకుంట ఆగింది. డ్రైవర్ దుంకిండు.

"పట్టా ఇరిగిందా?"

"లేదు సాబ్. నా పెండ్లాం. పిల్ల అడ్డం తిరిగింది."

డ్రైవర్ అర్ర దిక్కు చూసిండు. "నీ నౌకరి, నా నౌకరి రెండూ మింగుతవ్ గదరా" అని తిడుతనే గార్డుకు చెయ్యి ఊపిండు. నులక మంచంతోనే రాజమణిని ఎత్తి ఎనక గార్డు డబ్బాల పెట్టిన్రు. ఈదమ్మ ఎక్కింది. దశరథం గూడ కాలు పెట్టిండు.

"నువ్వెక్కితె గేటెవరు చూస్తరు?" అన్నడు గార్డు, మెల్లగనే.

పెట్టిన కాలు కిందికి దిగింది.

"ఎందుకాగినమని అడుగుతరు" అన్నడు గార్డు, డ్రైవర్ దిక్కు చూసి.

"బర్రెలు అడ్డమొచ్చినయని చెప్పు. గీ లైన్ల బర్రెలకేం కరువు?"

బండి పోయింది. దశరథం గేటు తీసిండు, ఏసిండు. ఆమె బతికిందో లేదో అడుగనీకె గూడ దిక్కు లేదు. మర్నాడు పగటిపూట అదే బండి ఎనకకు రావాలె, గంతే.

వచ్చింది. పచ్చ జెండా పట్టుకొని నిలబడ్డడు. డ్రైవర్ ఏదో అరిసిండు గాని ఆవిరి సప్పుడుల కలిసిపోయింది. డబ్బాలు ఒకటెనక ఒకటి పోతనే ఉన్నయి. చివర గార్డు, తలుపు కాడ నిలబడి, తన పచ్చ జెండాను మడిచి రెండు చేతులల్ల పండవెట్టుకొని ఊపుతున్నడు. పసిపిల్లను ఊపినట్టే. ఎనుకనే రెండు వేళ్లు చూపి "తల్లీపిల్ల ఇద్దరు మంచిగున్నరు" అని ఒర్రిండు.

దశరథం జెండా చేతులల్లనే ఉంచుకొని దండం పెట్టిండు. బండి మలుపు తిరిగి కనపడకుంట పోయినా చేతులు దించలే.

"ఓ గేటాయనా, మొక్కుడైతె జర గేటు తియ్యి. ఎడ్లు ఎండుతున్నయి" అన్నడు ఎవరో బండాయన.

తీసిండు. రాజమణిని చూడనీకె పోవాలని పానం కొట్టుకుంటాంది. పోరాదు. రేపు అదే మనుషులకు అదే జెండా చూపాలె. జెండాలు మొకాన కొట్టి పోదామంటె, ఇప్పుడు ఎవరి మొకాన కొడతడు?

పట్టాల పక్కన పెద్ద బొగ్గు పెళ్ల ఒకటి పడి ఉన్నది. ఎప్పటి కంటె పెద్దది. దశరథం వంగి తీసుకున్నడు. రాజమణి వచ్చేటాల్లకు ఉండాలని పొయ్యి పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, గేటు తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు.