ఆర్విల్ వాయించని పోల్కా

గ్లెండేల్‌లోని ఆ చిన్న సినిమా హాల్లో శని, ఆదివారాలు తెర కింద కూర్చుని మూకీ బొమ్మకు పియానో వాయిస్తాడు ఆర్విల్. ఆ శనివారం మధ్యాహ్నం ఆటకు స్టూడియోవాళ్లు కొత్త హాస్యచిత్రం పట్టుకొచ్చారు, జనం నవ్వుతారో లేదో చూసుకుందామని. అతను మాత్రం దాన్ని ముందు చూడలేదు. ఏ సీనుకు ఏ పాటో రాసిన కాగితం ఒక్కటే అతని ముందు పెట్టారు.

కథ రాసింది అతని భార్య లెనోరా. పెళ్లయి నాలుగు నెలలు. ఆమె రోజూ స్టూడియోకు వెళ్తుంది. అతను ఇంట్లో రొట్టె కాలుస్తాడు, ఆమె జాకెట్లు ఇస్త్రీ చేస్తాడు. సాయంత్రం తలుపు తోస్తూనే, "ఏమోయ్ ఇల్లాలా, వంటేంటివాళ?" అంటుంది. ఆ పిలుపు కోసమే అతను మెట్ల చప్పుడుకు చెవులు రిక్కించి కూర్చుంటాడు.

తెర మీద పూల ఏప్రన్ కట్టుకున్న మగాడొకడు పిండి పొంగలేదని గిన్నె ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

ఆర్విల్ కాగితం మీంచి తలెత్తాడు. అది జరిగింది వాళ్లింట్లోనే. ఎవరికీ చెప్పొద్దని అతనంటే, అతని ముక్కు మీది పిండి తుడిచి లెనోరా ఒట్టేసింది కూడా.

తెర మీద అక్షరాలు పడ్డాయి: "ఏమోయ్ ఇల్లాలా, వంటేంటివాళ?" హాలు గొల్లుమంది.

"మీకూ ఓ ఏప్రన్ కుట్టిస్తానుండండి!" వెనక ఎవరో ఆవిడ.

"కుట్టించు, కట్టుకుని మా పుట్టింటికి పోతా!" ఆవిడ మొగుడు.

ఆర్విల్ వాయిస్తూనే ఉన్నాడు. నవ్వుకుంటే నవ్వుకోనీ, చివరికి బొమ్మలోవాళ్లిద్దరూ తమలాగే హాయిగా ఉంటారుగా అనుకున్నాడు.

చివర్లో పెళ్లాం వచ్చి ఏప్రన్ విప్పి తను కట్టుకుంది. మొగుడి నెత్తిన టోపీ పెట్టి ఆఫీసుకు పంపింది. సూప్ కలుపుతూ హమ్మయ్య అన్నట్టు నవ్వింది.

కాగితం మీద ఇక్కడ 'హుషారైన పోల్కా' అని గంతులేయించే పాటొకటి రాసి ఉంది. ఆర్విల్ చేతులు తీసేశాడు. చప్పట్లు తగ్గాక బొమ్మ వేసే మిషను తిరుగుతున్న టకటక ఒక్కటే వినిపించింది.

హాలు వెనక నుంచి లెనోరా ఎర్రబడిన బుగ్గలతో పరుగున వచ్చింది. "విన్నావా ఆ నవ్వులు! నువ్వు ఆశ్చర్యపోవాలనే చెప్పలేదు. చివర్లో ఆపేశావేం?"

"ముగింపు స్టూడియోవాళ్లు మార్చారా?" అవునంటే చాలనిపించిందతనికి.

"లేదే! అదొక్కటీ నేను రాసినట్టే ఉంచారు," గర్వంగా అంది. అతని మొహం చూసి ఆగిపోయింది.

ఆర్విల్ టోపీ పెట్టుకున్నాడు.

"వంటేంటివాళ?" అని ఈసారి తనే ఆమెను అడిగి, జవాబు కోసం ఆగకుండా ఎండలోకి నడిచాడు.