రుయిఫాంగ్ దాచుకున్న నొప్పి

తెల్లవారగానే గ్వాంగ్‌ఫు కోటగోడ మీద తైచీ మొదలవుతుంది. కూరగాయల సంచులూ టీ ఫ్లాస్కులూ గోడవారన పెట్టి అందరూ వరసల్లో నిలబడతారు. ముందు నిలబడ్డ లూ టీచరమ్మ చేతులు లేపితే, వెనక అందరి చేతులూ నీళ్ళలో తేలినట్టు మెల్లగా లేస్తాయి. కాసేపయ్యాక, గుండెకెదురుగా బంతి పట్టుకున్నట్టు అరచేతులు పెట్టే చోట, ఒంట్లో నొప్పి వచ్చి ఆ చేతుల మధ్య చేరుతుంది. పిండిముద్దలా, బూడిదరంగులో, కాస్త వెచ్చగా ఉంటుంది. దాన్ని కిందున్న కందకంలోకి విసిరేసి, చేతులు దులుపుకుని ఇళ్ళకు పోతారు. బాతులకు అలవాటే. కొంచెం పక్కకు తప్పుకుంటాయి.

హౌ రుయిఫాంగ్ మాత్రం విసిరేది కాదు. తన ముద్దను తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయేది.

"ఏమమ్మా, రోజూ మోసుకుపోతున్నావు, ఏం చేస్తున్నావు వాటిని?" అని మోకాళ్ళ నొప్పుల పాన్ తాత ఒకసారి మెట్లు దిగుతూ అడిగాడు.

"జాడీలో పెడుతున్నాను తాతా."

"ఎవరికి?"

"మా ఆడపడుచుకి."

"అట్లాగా. మూత గట్టిగా పెట్టు, లేకపోతే పస పోతుంది" అని చెప్పి ఆయన తన దారిన పోయాడు.

ఆ ఆడపడుచు పేరు జిన్‌ఫెంగ్. కాపురం చెడి పుట్టింటికి వచ్చి, తమ్ముడు బావోటియన్ నడిపే గాడిద మాంసం కొట్టునూ, తమ్ముణ్ణీ, తమ్ముడి పెళ్ళాన్నీ కూడా చేతిలోకి తీసుకుంది. మసాలా మాంసం కూరడానికి పేగులు కడిగే పని మరదలిది. గడ్డకట్టే చలిలో కూడా పెరటి కొళాయి దగ్గరే కడగాలి.

కూతురు నింగ్ బడికి పోయే రోజుల్లో రుయిఫాంగ్‌కు నొప్పులు వచ్చాయి. మెడ దగ్గర మొదలై భుజాలకు, నడుముకు, తుంటికి పాకి, చివరకు ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టయింది. నిద్రపోయి లేచినా నిద్రపోయినట్టుండేది కాదు. పరీక్షలు చేయిస్తే రక్తం బాగుంది, ఎముకలు బాగున్నాయి.

"అన్నీ బాగున్నాయట! చెడిందల్లా పని చేసే బుద్ధే" అని జిన్‌ఫెంగ్ కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది.

ఒక రోజు పేగుల బేసిను మోసుకొస్తూ రుయిఫాంగ్ కొట్టు మధ్యలో కూలబడిపోయింది. జిన్‌ఫెంగ్ చప్పట్లు కొట్టింది. "చూడండి చూడండి, టిక్కెట్టు లేని నాటకం!" జనం నవ్వారు. బడి నుంచి అప్పుడే వచ్చిన నింగ్ కూడా నవ్వింది. ఒంటినొప్పుల కంటే ఆ నవ్వే రుయిఫాంగ్‌ను ఎక్కువ కాల్చింది.

ఆ ఏడే విడాకులయ్యాయి. పిల్ల మేనత్త దగ్గర ఉండిపోయింది. బద్ధకంతో కాపురం వదులుకున్న తల్లి అని నూరిపోస్తే, వీధిలో ఎదురైనా తల తిప్పుకునేది. రుయిఫాంగ్ పడమటి ద్వారం దగ్గర గది తీసుకుని, బూట్ల లోపలి అట్టలు కుట్టి బతికింది.

చాలాకాలం తర్వాత పట్నం ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఒంటి మీద అక్కడక్కడ వేలితో నొక్కి చూసి, "దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు. మీరు నటించడం లేదు" అంది. రుయిఫాంగ్ ఆ కుర్చీలోనే ఏడ్చేసింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, "మీ ఊరిలో తైచీ ఉందిగా. మానకుండా చెయ్యండి, తొందరపడకండి" అని పంపింది.

మొదట్లో చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. నెలలు గడిచేకొద్దీ కాస్త నిద్ర పట్టసాగింది. మెట్లు ఎక్కగలిగింది. ముద్దలు జాడీలో పెరిగాయి.

"నీ నొప్పి నీ ఇష్టం. కానీ నిలవ పెట్టిన నొప్పి సారాలా ముదురుతుంది. చెయ్యి జారితే నీకే తగులుతుంది" అంది లూ టీచరమ్మ.

"జారనివ్వను టీచరమ్మా."

"అయితే చేతులు ఆనించి ఇద్దరిద్దరుగా చేసే సాధన కూడా నేర్చుకో. ఇవ్వడం, పుచ్చుకోవడం అందులోనే ఉంది."

ఎదుటివాళ్ళు తోస్తే తిరిగి తొయ్యకూడదు. ఆ తోపును రానివ్వాలి, నడుము తిప్పాలి, వాళ్ళ బలం ఖాళీ అయిన చోట మనది దింపాలి. రుయిఫాంగ్ నేర్చుకుంది.

ఒక ఉదయం కోట మెట్ల కింద నింగ్ నిలబడి ఉంది. పెద్దదైంది. చన్నీళ్ళకు చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయి.

"అమ్మా, నాకూ ఒళ్ళంతా..." అని ఆగిపోయింది.

రుయిఫాంగ్ ఆ చేతులు పట్టుకుంది. "అత్త ఏమంటోంది?"

"తల్లి రక్తం కదా అంటోంది. వేషాలంటోంది."

"మీ నాన్న?"

"ఆయనేమంటాడు? పేగులు కడగమంటాడు."

రుయిఫాంగ్ కూతుర్ని గదికి తీసుకుపోయి, వేడి జొన్నజావ తాగించి పడుకోబెట్టింది. తర్వాత జాడీ మూత తీసింది. ముద్దలన్నీ కలిసిపోయి ఒకటే నల్లటి గడ్డ అయ్యాయి. దాన్ని కుడిచేతిలోకి తీసుకుంటే అరచేతిలో ఇంకి భుజం దాకా ఎక్కింది. పళ్ళు బిగించి కొట్టు దాకా నడిచింది.

కొట్టు ముందు జనం బారుగా నిలబడి ఉన్నారు.

"వచ్చిందండీ మహారాణి! మంచం దిగడానికి ఇవాళ తీరికైందా?" అంది జిన్‌ఫెంగ్.

"నింగ్ ఇక పనిలోకి రాదు. చెప్పిపోదామని వచ్చాను."

"పెంచింది నేను! నువ్వెవతెవే చెప్పడానికి? పో అవతలికి!" జిన్‌ఫెంగ్ గల్లా దాటి వచ్చి రెండు చేతులతో రొమ్ము మీద తోసింది.

రుయిఫాంగ్ వెనక్కు పడలేదు. నడుము కొద్దిగా తిరిగింది. ఆమె చేతులు జిన్‌ఫెంగ్ మణికట్ల మీద మెత్తగా ఆనాయి. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి అరచేతికి ఏదో జారి దిగిపోయింది.

"తీసుకో వదినా. నీకోసమే దాచాను."

జిన్‌ఫెంగ్ గల్లా అంచు పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుండిపోయింది.

"అందినట్టుంది" అని బారులో ఎవరో అని, బావోటియన్‌తో, "అరకిలో తరుగు, పలచగా" అన్నారు.

జిన్‌ఫెంగ్‌కు పరీక్షలు చేయించారు. అన్నీ బాగున్నాయన్నారు. బావోటియన్ రెండు రోజులు చూసి, "ఇంక లే అక్కా, పని ఆగిపోతోంది" అన్నాడు. ఆ తర్వాత కసురుకున్నాడు. చివరకు పనికి వేరే మనిషిని పెట్టుకుని, అక్క గది తలుపు దగ్గరగా వేశాడు.

కొన్నాళ్ళకు బావోటియన్ రుయిఫాంగ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల తల్లీ కూతుళ్ళు మెల్లగా చేతులు తిప్పుతున్నారు.

"ఒకసారి రా. నీకోసమే అడుగుతోంది. ఇచ్చినవాళ్ళే వెనక్కి తీసుకోవచ్చట కదా?"

"తీసుకోవచ్చు" అంది రుయిఫాంగ్.

కూతుర్ని వెంటపెట్టుకుని వెళ్ళింది. జిన్‌ఫెంగ్ మంచం మీద చిక్కిపోయి ఉంది. "ఎవరూ నమ్మడం లేదు రుయిఫాంగ్. సొంత తమ్ముడే నమ్మడం లేదు. నువ్వైనా నమ్ముతావా?"

రుయిఫాంగ్ మంచం పక్కన కూర్చుంది. "నమ్ముతాను. ఇప్పుడు ఎడమ తుంటిలో సలుపుతోంది. కాసేపట్లో భుజాల మీదికి ఎక్కుతుంది. దుప్పటి అంచు తగిలినా వాత పెట్టినట్టుంటుంది."

మాట మాటకూ జిన్‌ఫెంగ్ తలూపింది. అమ్మ దొరికిన చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. రుయిఫాంగ్ తొందరపడలేదు. ఆ ఏడుపును మొదటినుంచి చివరిదాకా కళ్ళారా చూసింది.

జిన్‌ఫెంగ్ రెండు అరచేతులూ చాపింది. "తీసేసుకో."

రుయిఫాంగ్ దుప్పటి అంచు ఎత్తి, భుజానికి తగలకుండా కిందికి మడిచింది. లేచి నిలబడింది.

"తైచీ పొద్దున పూట ఉంటుంది వదినా. కోట మెట్లెక్కి రావాలి. మొదట్లో చెయ్యి లేవదు."

బయట వీధిలో నింగ్ అడిగింది. "తీసుకోలేదేం అమ్మా?"

"తీసుకోలేదు."

మూలమీద నూడుల్స్ కొట్టు కనబడితే ఇద్దరూ లోపలికి వెళ్ళారు. రుయిఫాంగ్ వెల్లుల్లి దండిగా వేయించుకుని, గిన్నె ఎత్తి అడుగున మిగిలిన చారు కూడా తాగి, మూతి తుడుచుకుని, ఇంకో గిన్నె తెమ్మంది.