పన్నెండేళ్లు పైబడిన వారికి

ముద్ద కెలికే చప్పుడు కావాలన్నారు ఆఫీసు వాళ్లు. ఎసరు కుతకుతా ఉడికే చప్పుడు, రాగిపిండి పోశాక కట్టె తిరిగే చప్పుడు, ముద్ద చేసి పళ్లెంలో వేసినప్పుడు వచ్చే మెత్తటి చప్పుడు, అన్నీ ఒకే ఫైలులో. మా కంపెనీ బెంగళూరులో పిల్లల వీడియో గేములు చేస్తుంది. 'బుజ్జిపల్లె' అనే ఆట ఇప్పటికి మూడు భాగాలుగా వచ్చింది, నాలుగోది తయారవుతోంది. అందులో ఒక పల్లె, ఒక ఇల్లు, ఒక అమ్మ. పిల్లలు ఆవుకు మేత వేస్తారు, టమాటాలు కోస్తారు, ఆకలేసి ఇంటికొస్తే అమ్మ ముద్ద పెడుతుంది. నేను చింతామణిలో ఇంట్లోనే కూర్చుని ఆ ఆటకు తెలుగు, కన్నడ మాటలు సరిచూస్తాను. అవసరమైతే ఇలాంటి చప్పుళ్లు ఫోనులో పట్టి పంపుతాను. స్టూడియోలో ముద్ద కెలికే వాళ్లు ఎవరున్నారు కనుక? పదమూడేళ్లుగా రోజూ చేసే చాకిరీ, దాన్ని బాగా చేసి పంపమని ఒకరు అడగడం ఇదే మొదలు అని నాలో నేను నవ్వుకున్నాను. ఫోనును పోపుడబ్బా పక్కన నిలబెట్టి రికార్డింగు నొక్కి కెలికాను. మూడుసార్లు విన్నాను, బాగుందనిపించింది, పంపాను.

వారం తిరిగాక, గురువారం పొద్దున మా మేనేజరు మోహన్‌కుమార్ ఫోన్ చేశాడు. ఆయనది చిక్కబళ్లాపురం, మా మాటే మాట్లాడతాడు.

"హేమావతమ్మా, ఆ ముద్ద ఫైలు నువ్వు విన్నావా?"

"మూడు మార్లు విన్నా సార్. ఏమి, కుక్కరు కూత పడిందా?"

"ఇంకొక్కసారి వినమ్మా. పూర్తిగా విను. పదకొండుకు మీటింగులో మాట్లాడదాం."

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎసరు. కట్టె. ఆ తర్వాత హాల్లోంచి మా ఆయన రవీంద్ర గొంతు. "ఏమే, చెవుడా నీకు? గొడ్డుకు చెప్పినా ఈపాటికి అర్థమయ్యుంటాది. మీయబ్బ ఇంట్లో ఇదే నేర్పించినారా? నోరు మూసుకొని తెచ్చి పెట్టు." వెంటనే మా అత్త లక్ష్మీనరసమ్మ. "దానికి చెప్పి ఏం లాభంలే నాయినా, మట్టిబుర్ర." నవ్వు. ఆ నవ్వు మీదుగా నా గొంతు, తొణక్కుండా బెణక్కుండా. "ఆ, తెస్తాండా." ఆ తర్వాత ముద్ద పళ్లెంలో పడింది.

మూడుసార్లు విన్నాను కదా. మూడుసార్లూ నాకు ఎసరు వినబడింది, కట్టె వినబడింది, ఫ్యాను హోరు ఎక్కువైందేమో అని కూడా చూసుకున్నాను. ఈ మాటలు మాత్రం వినబడలేదు. ఒక్క ఒత్తు తప్పినా పట్టేస్తుందని ఆఫీసులో పేరు తెచ్చుకున్నదాన్ని. నన్ను గొడ్డు అంటే నాకు ఫ్యాను చప్పుడులాగే ఉందా? చెవులు వేడెక్కిపోయాయి. అన్నదానికి కాదు, అంత బాగా అలవాటు పడినందుకు. దాన్ని ఆఫీసులో పదిమంది విన్నారని తలచుకుంటే లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది.

సంగతి ఏమిటంటే, ఏ గేమైనా బయటికి వచ్చేముందు ఏ వయసు వాళ్లకు తగినదో తేల్చే ఫారం ఒకటి నింపాలి. రక్తం ఉందా, భయపెట్టేది ఉందా, కించపరిచే మాటలు ఉన్నాయా అని ప్రశ్నలుంటాయి. మాటల సంగతి నింపేది నేనే. మూడు భాగాలకూ 'లేవు' అని టిక్కు పెట్టాను, మూడింటికీ 'అన్ని వయసుల వారికి' అనే గుర్తు వచ్చింది. ఈసారి ముందుగా పరీక్షకు ఇచ్చిన ఆటలో నా ఫైలు ఉన్నదున్నట్టు ఉండిపోయింది. అది ఉంటే 'పన్నెండేళ్లు పైబడిన వారికి' అని పెట్టాల్సి వస్తుందని చూసినవాళ్లు రాశారు.

"పొరపాటున ఉండిపోలేదక్కా, నేనే తీయనియ్యలేదు" అంది వీడియో మీటింగులో ప్రతిమ. ఆట కథ రాసేది ఆ పిల్లే, బాగేపల్లి పిల్ల. "మొదటి భాగం ఆడినప్పుడు ఆరేండ్లున్నోళ్లు ఇప్పుడు పద్మూడు, పద్నాలుగు. వాళ్లకు ఇంకా ఆవుకు మేతే వెయ్యమంటే ఎట్ల? ఆటలో అమ్మ మూడు భాగాలనుంచీ ముద్దే పెడతాంది, ఒక్క మాట ల్యాదు. నిజం ఇల్లు ఇట్ల ఉండాదని ఒక్కసారి వినిపిద్దాం. విన్న పిల్లోళ్లకు ఇది తప్పని తెలుస్తాది."

మోహన్‌కుమార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజం అంటే సరేనమ్మా. కానీ మన గుర్తు చూసి తల్లులు ఫోను పిల్లోళ్ల చేతికిచ్చి నిశ్చింతగా పని చేసుకుంటాండారు. ఇస్కూళ్లలో పెట్టినారు. పన్నెండు అని పడితే ఆరేండ్ల పిల్లోళ్లంతా పోతారు. పెద్దోళ్ల గొడవలు చెప్పేకి వేరే ఆటలు శానా ఉండాయి. చిన్నోళ్లకని ఒక్క పల్లె అయినా మంచిగా ఉండనియ్యరాదా?" తర్వాత గొంతు తగ్గించాడు. "గొంతు నీది హేమావతమ్మా. ఉంచేటట్లయితే మిగతా గొంతులు వేరేవాళ్లతో చెప్పిస్తాం, పేర్లుండవు. తీసేయమంటే తీసేసి 'లేవు' అని నింపు. ఏదైనా నీ ఇష్టమే, సాయంత్రం ఆరుకు ఫారం పోవల్ల."

ఇద్దరూ నా ముఖంలోకి చూడలేదు. సాయంత్రం చెబుతానన్నాను.

మోహన్‌కుమార్ మాట నాకు బాగా తెలుసు. ఆ నిశ్చింతగా పని చేసుకునే తల్లిని నేనే. నా కూతురు శృతికి తొమ్మిదేళ్లు. బుజ్జిపల్లె ఆడుకుంటుంటే నేను ఇటు వంట, అటు ల్యాప్‌టాప్ రెండూ లాక్కొస్తాను. ఆ ల్యాప్‌టాప్ అయినా బియ్యం డబ్బా మీద పెట్టుకుని చేస్తాను, టేబులు ఆయన టమాటా మండీ కాగితాలకు. "ఆటలాడుకునే పనికి బీఏ ఏమిటికి" అంటాడాయన. "మా కోడలు దినమంతా ఫోను నొక్కుతాంటాది" అని అత్త పక్కింటి వాళ్లకు చెబుతుంది. ఆ ఫోను నొక్కుతూనే ఆమె మోకాళ్లకు నూనె రాస్తాను, ఆయన మండీ నుంచి తెచ్చే మట్టి బట్టలు నానబెడతాను. తీసేయమంటే పోతుంది కదా, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది, పిల్లల ఆట పిల్లలకుంటుంది అనుకున్నాను. మీయబ్బ ఇంట్లో ఇదే నేర్పించినారా అని అడుగుతాడు కదా, అవును, ఇదే నేర్పారు. పుట్టింట్లో, గూళూరులో మా అమ్మ కూడా మా నాయినకు సరిగ్గా ఈ గొంతుతోనే 'ఆ, తెస్తాండా' అనేది. నేను అరుగు మీద లెక్కలు చేసుకుంటూ వినేదాన్ని. వినేదాన్ని అని ఇవాళ తెలుస్తోంది.

సరే, కత్తిరించేద్దామని మధ్యాహ్నం ఫైలు తెరిచాను. కత్తిరించాలంటే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెరమీద గీతల్లో చూసుకోవాలి. ఆయన మాటకు పెద్ద గీతలు, అత్త నవ్వుకు చిన్నవి. అత్త నవ్వు వెనకే ఇంకో సన్నటి గీతల గుంపు కనబడింది. గిన్నె చప్పుడేమో అని శబ్దం పెంచి విన్నాను.

శృతి. హాల్లో నాన్న పక్కన కూర్చుని కిలకిలా నవ్వుతోంది. మట్టిబుర్ర అన్నప్పుడు.

ఫైలు కత్తిరించలేదు. బడి నుంచి అది వచ్చి బ్యాగు పడేసేదాకా అక్కడే ఉన్నాను. దాని జడ విప్పి దువ్వుతూ, మామూలుగా అడిగినట్టే అడిగాను. "నాన్న నన్ను అట్ల అన్నప్పుడు నువ్వు నవ్వుతావా పాపా?"

"ఊఁ" అంది. "తమాషాగా ఉంటాది గదమ్మా. అవ్వ కూడా నవ్వుతాది."

"నాకు బాధ అయితాది అనుకోలేదా?"

తల వెనక్కి తిప్పి నన్ను వింతగా చూసింది. "నువ్వేమీ అనవు గదమ్మా."

నిజమే కదా. అది చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. దానికి కోపం రాలేదు, జాలి రాలేదు, ఎందుకంటే అమ్మకు రాలేదు. ఆ పల్లెలో ఆటలోని అమ్మ కూడా ఏమీ అనదు, ఈ ఇంట్లో అమ్మ కూడా ఏమీ అనదు. 'అన్ని వయసుల వారికి' అని గుర్తు వేసి నేనే దాని చేతికిచ్చాను రెండింటినీ. రేపు దీన్ని ఎవడో చెవుడా అంటాడు, ఇది పీట మీద నుంచి లేచి తొణక్కుండా తెస్తాండా అంటుంది. అది తలచుకుంటే ఒళ్లు మండిపోయింది. నామీదే ముందు.

ఐదున్నరకు రవీంద్ర మండీ నుంచి వచ్చాడు. కాఫీ ఇచ్చి, టేబులు మీది కాగితాలు ఒక పక్కకు జరిపి ల్యాప్‌టాప్ పెట్టాను. ఆయన కనుబొమ్మలు లేచాయి.

"ఒక మాట చెప్పల్ల నీతో" అన్నాను. ముద్ద సంగతి, ఫైలు సంగతి, ఫారం సంగతి వరసగా చెప్పాను. ఫైలు పెట్టి వినిపించాను కూడా.  శృతి గడపలో ఆడుకుంటూ ఆగిపోయింది.

ఆయన పెద్దగా నవ్వాడు. "దీనికా ఇంత పంచాయితీ? మొగుడూ పెండ్లాం ఇంట్లో అనుకునే మాట. యాడ లేదు?"

"యాడైనా ఉండాదనే ఆటలో ఉంచుతామంటాండారు."

నవ్వు ఆగింది. "ఉంచేదా? మండీలో నా మొగం యాడ పెట్టుకోవల్ల? తీసెయ్యి."

"నీ గొంతు ఉండదు. పేరుండదు. మాటలే ఉంటాయి."

"మాటలు నావే గదా."

"ఊరికే అన్నవే గదా. యాడైనా ఉండేవే గదా. ఎవరు కనిపెడతారప్పా నీవని?"

 గదిలోంచి అత్త వచ్చింది. "మొగుని మాట తెచ్చి బజార్లో పెట్టేదానివి, నువ్వేం ఆడదానివే? మా కాలంలో ఇంతకు పదింతలు పడినాం. ఏమైపోయినాం?"

"అదే అత్తా" అన్నాను. "నువ్వు పడినావు, మాయమ్మ పడింది. శృతి నవ్వుతాంది."

అత్త గడప వైపు చూసింది. శృతి తల దించుకుంది.

ఆయన ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చాపాడు. నేను దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. పెళ్లయిన తర్వాత ఆయన చేతికి అందకుండా నేనొక వస్తువు లాక్కోవడం అదే మొదటిసారి, ఇద్దరికీ తెలిసింది. ఆరుకు పది నిమిషాలుంది. ఫారంలో 'కించపరిచే మాటలు' అన్నచోట మూడు గడులు: లేవు, అరుదుగా, తరచుగా. 'తరచుగా' మీద టిక్కు పెట్టాను. శృతికి ఇక ఈ భాగం ఆడే వీలుండదు, తెలుసు. ఆరేళ్ల పిల్లలు ఎందరో ఆడలేరు, అదీ తెలుసు, మోహన్‌కుమార్ ముఖం గుర్తొచ్చి బాధేసింది. కానీ ఉన్నదాన్ని లేదని ఇంకోసారి రాయలేను. ఫారం అడుగున 'పన్నెండేళ్లు పైబడిన వారికి' అని వచ్చింది.

నా భుజం మీదుగా వంగి ఆయన అది చదివాడు. కోపం మీదే మళ్లీ నవ్వు తెచ్చుకున్నాడు, అమ్మనూ కూతురినీ కలుపుకోవాలని కాబోలు వాళ్ల వైపు తిరిగాడు. "చూస్తిరా, పన్నెండేండ్లు దాటినోళ్లు ఈ మాటలు వినొచ్చునంట. ఆపీసోళ్లే రాసినారు." మళ్లీ నావైపు తిరిగాడు. "నీకెన్నేండ్లే? దాటలేదా ఇంకా?"

ఎవరూ నవ్వలేదు. నేను పంపే మీట నొక్కి, తల తిప్పి ఆయన కళ్లలోకి చూశాను.

"ముప్పై నాలుగు" అన్నాను. "నాకింకా ఆ వయసు రాలేదప్పా."