సూదికి దిగిన జ్వరం

సూది వెయ్యని డాక్టరును మన ఊళ్లలో డాక్టరని ఎవరంటారు? నాడి పట్టి, మాత్రలిచ్చి, ఇంటికెళ్లి పడుకోమంటే, ఆ మాత్రం మా అవ్వ చెప్పలేదా అని మొహం తిప్పుకుంటాం. అయ్యా, ఈ తప్పు మీరూ చేశారు, నేనూ చేశాను. నగరి ఊళ్లో కుప్పమ్మా చేసింది. మనం బతికిపోయాం, ఆమె కాపురం కూలింది.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ధనుర్మాసం. ఊరంతా ఫ్లూ జ్వరం, ఏ వీధిలో చూసినా దగ్గే. కుప్పమ్మ భర్త ఆదిమూలం మరమగ్గాల షెడ్డులో నేత పనివాడు. ఒకరోజు పొద్దున మగ్గం దగ్గరే వణుకు పుట్టి, నడుము పట్టుకుని ఇంటికి వచ్చాడు. సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ భారతమ్మ చూసి, మాత్రలిచ్చి, వారం రోజులు మంచం దిగవద్దని చెప్పింది.

కుప్పమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. మూడు రోజులు మనిషి రాకపోతే షెడ్డు యజమాని ఆ మగ్గం మీద ఇంకొకరిని పెడతాడు.

"వారమంట వారం! ఆయమ్మకేం, చెప్పేసింది. మగ్గం పోతే మనం యాడికి పోవల్ల? లెయ్ మామా, మునిరామన్న కాడికి పోదాం," అని మొగుణ్ణి లేపింది.

మునిరామయ్య ఒకప్పుడు కాంపౌండరు, ఇప్పుడు బజారువీధిలో వైద్యుడు. చెడ్డవాడేమీ కాదు. పడుకున్నవాణ్ణి లేపి పనికి పంపడమే వైద్యమని మనసారా నమ్మినవాడు. పవర్ సూది, అంటే స్టెరాయిడ్ మందు, ఒకటి వేశాడు. గంట తిరక్కముందే చెమట పోసి జ్వరం దిగింది. ఆదిమూలం సంగటి అడిగి మరీ తిన్నాడు.

"సూస్తివా మామా, హస్తవాసి అంటే అదీ!" అని కుప్పమ్మ మురిసిపోయింది.

మధ్యాహ్నం కరెంటు రాగానే అతను షెడ్డుకు వెళ్లాడు. మర్నాడు మళ్లీ ఒళ్లు కాలింది, మళ్లీ సూది. మూడోనాడూ అంతే. ప్రతిసారీ కుప్పమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

నాలుగోనాడు ఆదిమూలానికి ఊపిరి అందలేదు. పెదవులు నీలం తిరిగాయి. "రొమ్ములో బండ పెట్టినట్టుండాది కుప్పా," అన్నాడు. సర్కారు ఆసుపత్రికి చేర్చిన సాయంత్రమే ప్రాణం పోయింది.

"మునిరామన్న సూదికి జొరం దిగింది గదమ్మా! మరి ఎట్ల సచ్చిపోయినాడు?" అని కుప్పమ్మ డాక్టరమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.

భారతమ్మ ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. "విను తల్లీ. మన ఊపిరితిత్తుల నిండా కంటికి ఆనని కణాలుంటాయి. ఫ్లూ పురుగు ఒక కణంలోకి దూరి, దాని చేతనే తనలాంటి పురుగుల్ని వేలకు వేలు చేయించుకుంటుంది. ఆ కణం చచ్చేలోగా పక్కవాటికి కబురు పంపుతుంది, దొంగ వచ్చాడు, తలుపులేసుకోండి అని. పురుగేమో ఆ కబురును నొక్కెయ్యాలని చూస్తుంది. కబురు అందిందా, ఒళ్లంతా పోరుకు లేస్తుంది. జ్వరం, ఒళ్లునొప్పులు ఆ పోరే. దానికి సత్తువంతా కావాలనే పడుకోమన్నాను. ఆ సూది పురుగును చంపలేదు. పోరాడేవాళ్లను నిద్రపుచ్చింది."

"అయితే నా మొగుణ్ణి నేనే సంపుకున్నానా?" అంది కుప్పమ్మ. కాదని డాక్టరమ్మ ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

కర్మలు ముగిశాక షెడ్డు యజమాని ఆ మగ్గాన్ని ఆదిమూలం తమ్ముడు పెంచలయ్యకు ఇచ్చాడు. వారం తిరక్కుండా అతనికీ ఒళ్లు కాలింది. మునిరామయ్య ఇంటికి బయలుదేరిన అతనికి కుప్పమ్మ వీధిలో అడ్డం నిలబడింది.

"పోవద్దబ్బా. ఒళ్లు కాలేది మనల్ని కాపాడేదానికే. అది పోట్లాడతా ఉంటే నోరు నొక్కేసి, మనిషిని పనికి తోలేది వైద్యం కాదు. ఇంటికి రా, పండుకో."

"అట్లంటే ఎట్ల వదినా? మగ్గం పోతాది."

"మగ్గం ఆడనే ఉండాది నాయనా," అంది కుప్పమ్మ. "మీ అన్న యాడుండాడు?"