వంటింటికి కిటికీ

"ఉడికే దుంపలు సముద్రం చూసి ఏం చేస్తాయే?" అన్నాడు ఆన్సెల్మో, తాపీతో సున్నం తీస్తూ. గోడ మీదున్న మగాళ్లంతా నవ్వారు. సున్నం తట్ట నెత్తిన మోసుకొచ్చిన అతని పెళ్లాం డెల్ఫినా నవ్వలేదు. కొత్త ఇంట్లో వంటకొట్టుకి ఒక్క కిటికీ వదలమని అడిగింది, అంతే.

బటానెస్ దీవుల్లో ఇల్లు కట్టడమంటే తుఫానుతో వియ్యమందడమే. గోడలు చెయ్యి చాచినంత మందం. గాలి వచ్చే వైపు గోడకి చీమ దూరే సందుండదు. తక్కిన మూడు వైపులా కిటికీలు. అది పడుకునే పెద్దిల్లు. వంటకొట్టు దాని పక్కన వేరుగా, పొట్టిగా, ఒక్క కిటికీ లేక గుడ్డిగా ఉంటుంది. డెల్ఫినా తాత కాలంలో ఒక తుఫాను ఇంటికప్పుని కోడిపుంజుతో సహా ఎత్తుకుపోతే, ఆ పుంజు తెల్లారి పక్క దీవిలో కూసి అక్కడివాళ్లని నిద్ర లేపిందట. అలాంటి గాలికి భయపడొచ్చు. కానీ ఆ భయమంతా వంటకొట్టు మీదే ఎందుకు పడిందో ఆమెకి బోధపడలేదు.

"నా జన్మంతా ఆ పొగలోనే వండాను. నాకేమయింది?" అంది అత్త బోనిఫాసియా, ముంజేత్తో కళ్లు తుడుచుకుంటూ.

సున్నం మోస్తూనే డెల్ఫినా కలలు కనేది. లేని కిటికీలోంచి గాలి వచ్చి మెడ మీది చెమట ఆర్చేది. ఎగిరే చేపలు ఆగి కుండలోకి తొంగిచూసేవి. ఒక మబ్బు వచ్చి చిటికెడు ఉప్పు అడిగితే లేదనకుండా ఇచ్చేది. ఎండాకాలం అలాంటి కొట్టులో వండితే పులుసుకి ఉప్పు వేరే వెయ్యక్కర్లేదు, కారే చెమటే చాలు. ఆ మాట ఎవరితో అన్నా నవ్వేవాళ్లే గానీ కిటికీ ఇచ్చేవాళ్లు లేరు.

గోడలు లేచాయి. వంటకొట్టుకి కిటికీ రాలేదు.

రెల్లు కప్పే రోజున ఊరంతా వచ్చి పని చెయ్యడం, ఊరందరికీ ఇంటామె వండి పెట్టడం అక్కడి రివాజు. మగాళ్లు కప్పెక్కి రెల్లు తొక్కి, గాలికి లేవకుండా పైన తాళ్ల వల బిగిస్తున్నారు. "వంటెంతదాకా వచ్చిందే?" అని అరిచాడు ఆన్సెల్మో పైనుంచి.

డెల్ఫినా కొట్టులోకి వెళ్లింది. పొయ్యిరాళ్లు ఒక్కొక్కటే కడుపుకి అదుముకుని మోసుకెళ్లి, పెద్దింట్లో సముద్రం వైపు కిటికీ కింద పేర్చి నిప్పు రాజేసింది. కొత్త రెల్లులోంచి పొగ పైకి లేచేసరికి కప్పు మీది మగాళ్లు దగ్గుతూ దిగారు.

"పడుకునే ఇంట్లో పొయ్యేంటే? మతి పోయిందా?" అన్నాడు ఆన్సెల్మో గుమ్మంలో నిలబడి.

"కళ్లు మూసుకునేవాడికి ఏ గదైనా ఒకటే. కళ్లు తెరిచి పనిచేసేది నేను. మంచం ఆ కొట్టులో వేసుకో. తుఫానొచ్చినా భయం లేదు, ఒక్క కన్నం కూడా లేకుండా నువ్వే కట్టావుగా."

అందరూ బోనిఫాసియా వైపు చూశారు. ఆమె లోపలికొచ్చి పొయ్యిని చూసింది, కిటికీని చూసింది. పీట లాక్కుని గాలి తగిలేచోట కూర్చుని, ఒళ్లోకి దుంపల బుట్ట తీసుకుంది.

"అలా నిలబడ్డావేంరా?" అంది కొడుకుతో. "మంచం ఎత్తు."